నాదం – నాడి

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం
ఉద్దేశం: సంగీతంతో పాటు వైద్యం, భౌతికశాస్త్రం, యంత్రవిద్య వంటి మరొక విద్యలో నిష్ణాతులైన వ్యక్తులను విద్యార్థులకు పరిచయం చేయడం, సహాయం అందని దూరంలో ఆపద సంభవించినప్పుడు మనిషికి ఏ విద్య అక్కరకు వస్తుందో ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు సాగే రోడ్డు కొంతదూరం పచ్చని పొలాల మధ్య నడిచి, ఆపైన ఘాటు ఎక్కడం ప్రారంభిస్తుంది. చలికి పేరుపొందిన లంబసింగి ఆ దారిలోనే ఉంది. ప్రధాన రహదారి నుండి చీలిన కాలిబాటలు కొండల మీది గూడేలకు చేరుతాయి. అటువంటి గూడెంలో ఒక గర్భిణికి నొప్పులు ప్రారంభమైనా, ఒక వృద్ధునికి ఊపిరి ఆడకపోయినా, వెదురు బొంగుకు డోలీ కట్టి, 108 వాహనం రాగల రోడ్డు వరకు భుజాల మీద మోసుకొని రావలసిన పరిస్థితి మన్యంలో అనేక పర్యాయాలు ఎదురైంది. ఆ దారిలో రోగి పక్కన నడిచే మనిషికి ఏమి తెలుసు అన్నదే ప్రాణానికి ఆధారం. పట్టణంలో ఎంత మంచి ఆసుపత్రి ఉన్నా, ఆ గంటలో దానివల్ల ఉపయోగం లేదు.

ఈ ఉదాహరణను ఆకాశంలోకి తీసుకొనిపోతే వ్యోమనౌక కనబడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటుంది. నర్సీపట్నం నుండి హైదరాబాదుకు గల రోడ్డు దూరం అంతకంటె ఎక్కువ. కాని ఆ 400 కిలోమీటర్ల దారిలో అంబులెన్సు వెళ్లదు. అగ్నిమాపక శకటం చేరదు. యంత్రం చెడిపోతే మరమ్మతు చేసే మేస్త్రీ తలుపు తట్టడు. లోపల ఉన్న కొద్దిమందే వైద్యులు, వారే మంటలార్పేవారు, వారే మేస్త్రీలు. అందువల్ల అక్కడికి వెళ్లే ప్రతి వ్యక్తికీ ఒక పని మాత్రమే తెలిస్తే చాలదు.

అటువంటి నౌకలో సంగీతవిద్వాంసునికి చోటు ఉంటుందా? ఈ ప్రశ్న మొదట హాస్యంగా తోచవచ్చు. పాట పాడినంత మాత్రాన గాలి కారే రంధ్రం మూసుకోదు. వీణ మీటినంత మాత్రాన మంట ఆరదు. అయితే ఆ విద్వాంసునికి సంగీతంతో పాటు మరేమి తెలుసు అని అడిగినప్పుడు సమాధానం వేరుగా ఉంటుంది.

ఆకాశంలో ఆపదలు

అంతరిక్ష కేంద్రంలో అత్యవసర పరిస్థితులను ప్రధానంగా మూడు విధాలుగా విభజిస్తారు. మొదటిది మంట, రెండవది గోడకు రంధ్రం పడి లోపలి గాలి బయటికి పోవడం, మూడవది విషవాయువు వ్యాపించడం. వీటికి తోడు మనుష్యులకు వచ్చే జబ్బులు ఉండనే ఉన్నాయి.

1997 ఫిబ్రవరి 23న రష్యాకు చెందిన ‘మీర్’ కేంద్రంలో ప్రాణవాయువును ఉత్పత్తి చేసే ఒక డబ్బా అంటుకొని మంట లేచింది. అప్పుడు అందులో ఆరుగురు ఉన్నారు. తిరిగి భూమికి రావడానికి రెండు నౌకలు ఉన్నా, వాటిలో ఒకదానికి వెళ్లే దారికి మంట అడ్డుపడింది. దట్టమైన పొగలో వారు ముఖాలకు తొడుగులు ధరించి మంటను ఆర్పారు. ఆ ఆరుగురిలో జెర్రీ లినెంజర్ వైద్యుడు. పొగ పీల్చిన సహచరులను వెంటనే పరీక్షించే మనిషి అక్కడే ఉండడం వారి అదృష్టం.

అంతకు 27 సంవత్సరాల ముందు, 1970 ఏప్రిల్‌లో, చంద్రునివైపు వెళుతున్న అపోలో–13 నౌకలో ప్రాణవాయువు ట్యాంకు పేలింది. ముగ్గురు వ్యోమగాములు చంద్రుని మీద దిగడానికి ఉద్దేశించిన చిన్న నౌకలో తలదాచుకొన్నారు. వారు విడిచిన బొగ్గుపులుసు వాయువు ఆ నౌకలో పేరుకొనిపోసాగింది. దానిని పీల్చుకొనే పెట్టెలు పెద్ద నౌకలో చతురస్రాకారంలోను, చిన్న నౌకలో గుండ్రంగాను ఉన్నాయి. ఒకదానిని మరొకదానికి అమర్చే వీలు లేదు. భూమి మీది ఇంజనీర్లు ప్లాస్టిక్ సంచి, పుస్తకపు అట్ట, గొట్టం, అంటించే పట్టీ వంటి వస్తువులతో ఒక ఉపాయం కనిపెట్టి మాటల ద్వారా చెప్పగా, వ్యోమగాములు దానిని తయారుచేసి బ్రతికి బయటపడ్డారు. ఆపదలో అక్కరకు వచ్చేది చేతిలో ఉన్న వస్తువు మాత్రమే కాదు. దానితో ఏమి చేయవచ్చునో తెలిసిన బుద్ధి, చెప్పినది చెప్పినట్లు విని చేయగల చేయి కూడా కావాలని ఈ సంఘటన నిరూపించింది.

గిటారు తెలిసిన సేనాని

ఈ గుణాలు గల సంగీతజ్ఞుడు నిజంగానే ఒక అంతరిక్ష కేంద్రానికి నాయకత్వం వహించాడు. అతడు కెనడా దేశస్థుడైన క్రిస్ హాడ్‌ఫీల్డ్. వృత్తిరీత్యా కొత్త యుద్ధవిమానాలను నడిపి పరీక్షించే పైలట్. అభిరుచి రీత్యా గిటారు వాయిస్తూ పాడే గాయకుడు.

2001 ఏప్రిల్‌లో హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రానికి ఒక పెద్ద యంత్రహస్తాన్ని అమర్చడానికి నౌక వెలుపలికి వచ్చాడు. పని మధ్యలో అతని కంటిలో భరించరాని మంట పుట్టింది. శిరస్త్రాణం అద్దం మీద ఆవిరి పట్టకుండా పూసిన ద్రవం కంటిలో పడడమే దానికి కారణం. భూమి మీద అయితే కన్నీరు చెంప మీదుగా జారిపోయి కన్ను శుభ్రపడుతుంది. భారరహిత స్థితిలో కన్నీరు జారదు. కంటి మీదనే బుడగగా నిలిచిపోతుంది. ఆ బుడగ పెరిగి ముక్కు మీదుగా రెండవ కంటికి కూడా చేరింది. శూన్యంలో, చేతిలో పనిముట్టుతో, రెండు కళ్లూ కనబడని స్థితిలో అతడు కేకలు వేయలేదు. జరిగినది నియంత్రణ కేంద్రానికి వివరించాడు. వారు చెప్పినట్లు దుస్తులలోని గాలిని కొంత బయటికి వదిలాడు. చూపు తిరిగి వచ్చేవరకు ఓపిక పట్టాడు. ఆ తర్వాత పని పూర్తిచేసి లోపలికి వెళ్లాడు.

2013లో అతడు అంతరిక్ష కేంద్రానికి నాయకునిగా ఉన్నాడు. భూమికి తిరుగుప్రయాణం మరి కొద్ది రోజులలో ఉందనగా, మే 9న కిటికీలోనుండి తెల్లని రేణువులు కొట్టుకొనిపోవడం కనిపించింది. సౌరఫలకాల విద్యుత్ పరికరాలను చల్లబరచే అమ్మోనియా కారిపోతున్నదని తేలింది. సాధారణంగా నౌక వెలుపల చేసే పనికి చాలాకాలం ముందుగా శిక్షణ పొందుతారు. ఈసారి సిద్ధం కావడానికి రెండు రోజులే మిగిలాయి. మే 11న క్రిస్ కాసిడీ, టామ్ మార్ష్‌బర్న్ అనే ఇద్దరు వెలుపలికి వెళ్లి, అనుమానం కలిగిన పంపు పెట్టెను మార్చివేశారు. హాడ్‌ఫీల్డ్ లోపల ఉండి ఆ పనిని సమన్వయం చేశాడు. బృందగానంలో అందరికంటె గట్టిగా పాడేవాడు నాయకుడు కాడు; ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు ఆగాలో ఎరిగినవాడే నాయకుడు. ఆనాడు హాడ్‌ఫీల్డ్ చేసినది అటువంటి పనే.

ఆ మరునాడు, అంతరిక్ష కేంద్రంలో గిటారుతో అతడు పాడి చిత్రించిన ఒక ప్రసిద్ధ గీతం లోకానికి విడుదలైంది. మే 14న అతడు కజకిస్తాన్ మైదానంలో క్షేమంగా దిగాడు. లోకం అతని పాటను బాగా గుర్తుంచుకొన్నది. అంతకు ఒక రోజు ముందు జరిగిన మరమ్మతును చాలామంది మరచిపోయారు.

ఇటువంటివారు మరికొందరు ఉన్నారు. లేజర్ కిరణాల శాస్త్రవేత్త రోనాల్డ్ మెక్‌నేర్ 1984లో అంతరిక్షంలో సాక్సోఫోన్ వాయించాడు. 1986 జనవరి 28న జరిగిన ఛాలెంజర్ ప్రమాదంలో అతడు మరణించడం ఒక విషాదం. ఎంత నైపుణ్యం ఉన్నా కొన్ని ఆపదలను లోపల ఉన్నవారు తప్పించలేరన్న కఠిన సత్యాన్ని కూడా ఆ సంఘటన తెలియజేస్తుంది. విద్యుత్ ఇంజనీరు ఎలెన్ ఒచోవా 1993లో తన వేణువును అంతరిక్షానికి తీసుకొనివెళ్లింది. రసాయన శాస్త్రవేత్త కేడీ కోల్‌మన్ 2011 ఏప్రిల్‌లో, మానవుని తొలి అంతరిక్షయానానికి 50 సంవత్సరాలు నిండిన సందర్భంలో, భూమి మీది కళాకారునితో కలిసి వేణువు వాయించింది. అత్యవసర చికిత్సలో నిపుణుడైన వైద్యుడు షెల్ లిండ్‌గ్రెన్ 2015లో, మరణించిన సహోద్యోగి స్మృత్యర్థం, అంతరిక్ష కేంద్రంలో స్కాట్లండు తిత్తివాద్యం ఊదాడు.

వైద్యుడు – విద్వాంసుడు

అంతరిక్షానికి వెళ్లకపోయినా, రెండు విద్యలను సమానంగా సాధించిన మహనీయుడు తెలుగునాట ఒకరు ఉన్నారు. ఆయన డాక్టర్ శ్రీపాద పినాకపాణి. 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం ప్రాంతంలోని ప్రియాగ్రహారంలో జన్మించిన ఆయన, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి వైద్యులైనారు. 1945లో ఎం.డి. పట్టం పొంది, విశాఖపట్నం, కర్నూలు వైద్య కళాశాలలలో పనిచేశారు. అనేకమంది వైద్యవిద్యార్థులకు గురువైనారు.

బాల్యం నుండి సంగీతమంటే ఆయనకు ప్రాణం. కొంతకాలం గురువుల వద్ద నేర్చిన తర్వాత, మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ శిక్షణ ఆయనకు లభించింది. వీణ ధనమ్మాళ్ బాణీ ఆయనను ఎంతగానో ఆకర్షించింది. ఆనాటి మద్రాసు విద్వాంసుల గానాన్ని శ్రద్ధగా విని, ఆ పద్ధతిని ఆంధ్రదేశానికి తెచ్చి స్థిరపరచాలని ఆయన సంకల్పించారు. తాను కచేరీలు చేసి కీర్తి గడించడం కంటె శిష్యులను తయారుచేయడానికే ఎక్కువ శ్రమపడ్డారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం వంటి ప్రసిద్ధులు ఆయన వద్ద శిక్షణ పొందినవారే. వందల కృతులను స్వరసహితంగా వ్రాసి భద్రపరచిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు నేటికీ విద్యార్థులకు ఆధారంగా ఉన్నాయి. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు ‘సంగీత కళానిధి’ బిరుదునిచ్చింది. 1984లో భారత ప్రభుత్వం ‘పద్మభూషణ్’తో సత్కరించింది. 2013 మార్చి 11న, నూరవ ఏట, కర్నూలులో ఆయన కన్నుమూశారు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టరాదని పెద్దలు చెబుతారు. ఆ మాట నిజమే. కాని పినాకపాణి జీవితంలో అవి రెండు పడవలు కావు. ఒకే పడవకు రెండు తెడ్లు. వైద్యవృత్తి ఆయనకు జీవనోపాధిని, క్రమశిక్షణను ఇచ్చింది. జీవిక కోసం కచేరీల మీద ఆధారపడవలసిన అవసరం లేకపోవడం వల్ల, తనకు ఉత్తమమని తోచిన సంగీతాన్నే నేర్పగలిగారు. రోగలక్షణాలను ఒక్కొక్కటిగా వేరుచేసి పరిశీలించే వైద్యుని దృష్టి, గమకాన్ని విడదీసి ఏ స్వరం ఏ స్వరాన్ని ఎంతవరకు తాకుతున్నదో వ్రాసిపెట్టే పనిలోనూ ప్రతిఫలించింది.

వినికిడి అనే విద్య

సంగీతానికీ వైద్యానికీ గల సంబంధం ఆయనతో మొదలైనది కాదు. 18వ శతాబ్దంలో ఆస్ట్రియా దేశపు వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్, రోగి ఛాతీ మీద వేళ్లతో తట్టి, ఆ ధ్వనిని బట్టి లోపల నీరు చేరినదో లేదో కనిపెట్టే పద్ధతిని 1761లో ప్రకటించాడు. అతని తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారాయం ఎంతవరకు ఉన్నదో పైన తట్టి తెలుసుకోవడం ఆ బాలునికి చిన్ననాడే తెలుసు. కుండ కొనేవారు వేలితో కొట్టి పగులు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం మన సంతలలో నిత్యం చూసేదే. సంగీతాభిమాని అయిన ఆ వైద్యుడు తర్వాతి కాలంలో ఒక సంగీత నాటకానికి సాహిత్యం కూడా సమకూర్చాడు.

1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు రెనే లెనెక్ స్టెతస్కోపును కనుగొన్నాడు. మొదట కాగితాన్ని గొట్టంగా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. తర్వాత చెక్కను తరిమెన పట్టి గొట్టం తయారుచేసుకొన్నాడు. అతడు వేణువు వాయించేవాడు. వేణువులను స్వయంగా చేసుకొనేవాడు కూడా. బోలుగా ఉన్న కొయ్యలో ధ్వని ఎలా ప్రయాణిస్తుందో తెలిసిన చేతులే నేడు ప్రతి వైద్యుని మెడలో కనిపించే సాధనానికి తొలిరూపం ఇచ్చాయి.

చెవికి అంతరిక్షంలోనూ పని ఉన్నది. భూమి మీద వేడిగాలి పైకి లేచి, చల్లని గాలి దాని స్థానంలోకి వస్తుంది. భారరహిత స్థితిలో ఆ చలనం జరగదు. పంకాలు తిరగకపోతే, నిద్రించే మనిషి విడిచిన గాలి అతని ముఖం చుట్టూనే నిలిచిపోయి ఊపిరి సలపనీయదు. అందువల్ల అంతరిక్ష కేంద్రంలో పంకాల, పంపుల రొద నిరంతరం వినబడుతూ ఉంటుంది. అక్కడ నిశ్శబ్దం విశ్రాంతికి గుర్తు కాదు, ప్రమాదానికి గుర్తు. ఒక యంత్రం శ్రుతి మారినా, ఒక పంకా ఆగినా, వెంటనే పసిగట్టే చెవి అక్కడ గొప్ప ఆస్తి. తంబుర శ్రుతిలో వెంట్రుకవాసి తేడాను పట్టుకొనే చెవికి ఆ పని కష్టం కాదు.

చికిత్స విషయంలో దూరం మరింత కఠినమైనది. అంతరిక్ష కేంద్రంలోని ఒక వ్యోమగామికి మెడలోని సిరలో రక్తం గడ్డకట్టిందని పరీక్షలో బయటపడిన ఉదంతాన్ని 2020లో వైద్యులు ప్రకటించారు. భూమి మీది నిపుణులు మాటల ద్వారా సలహా ఇవ్వగా, నౌకలో ఉన్న కొద్దిపాటి మందును పొదుపుగా వాడి చికిత్స చేశారు. ఆ రోగికి ప్రాణాపాయం తప్పింది. రేపు మానవుడు అంగారకుని వద్దకు ప్రయాణిస్తే ఈ వెసులుబాటు కూడా ఉండదు. రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి ఒక మాట చేరడానికే 20 నిమిషాలకు పైగా పట్టవచ్చు. సమాధానం రావడానికి మరి అంత కాలం. గుండె ఆగిన మనిషి అంతసేపు వేచి ఉండడు. అప్పుడు పక్కన ఉన్న వైద్యుడే వైద్యుడు.

సంగీతం పని సంగీతానిదే

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలను బట్టి సంగీతం నేర్చినవారందరూ ఆపదలో ధీరులవుతారని భావించరాదు. సంగీతం తెలియని వైద్యులు, ఇంజనీర్లు ఎందరో అంతరిక్షంలో ధైర్యంగా పనిచేశారు. రంధ్రాన్ని మూసేది యంత్రజ్ఞానం. రోగిని కాపాడేది వైద్యజ్ఞానం. వాటి స్థానాన్ని రాగజ్ఞానం తీసుకోజాలదు. అయితే సంగీతాభ్యాసం మనిషికి కొన్ని అలవాట్లను నేర్పుతుంది. ఒకే వరుసను విసుగు లేకుండా నూరుసార్లు సాధన చేయడం, తప్పు జరిగినప్పుడు తాళం విడువకుండా తిరిగి అందుకోవడం, తాను పాడుతూనే పక్కవారిని వినడం అటువంటివి. ఈ అలవాట్లు మరొక విద్యతో చేరినప్పుడు రెండింటికీ బలం పెరుగుతుంది.

డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం జీవితంలో కూడా ఈ సత్యం కనిపిస్తుంది. ఆయన నాయకత్వంలో రూపొందిన ఎస్.ఎల్.వి.–3 వాహకనౌక 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరి, కొద్ది నిమిషాలలోనే విఫలమై బంగాళాఖాతంలో పడింది. లోపాన్ని వెతికి సరిదిద్దిన బృందం 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ శాస్త్రజ్ఞునికి వీణ ఇష్టమైన వాద్యం. వీణ తంతి తెగినప్పుడు కొత్తది బిగించి, శ్రుతిచేసి, మొదటినుండి ప్రారంభించడం ప్రతి వైణికుడూ ఎరిగిన పనే.

సంగీతానికి తనదైన ప్రయోజనం కూడా లేకపోలేదు. 1965 డిసెంబరులో జెమిని–6 నౌకలోని ఇద్దరు వ్యోమగాములు చిన్న నోటివాద్యంతో, గంటలతో క్రిస్మసు పాట వాయించి భూమి మీదివారిని నవ్వించారు. ఇల్లు, వాన, చెట్టు కనబడని ఇనుప గదిలో నెలల తరబడి జీవించే మనిషికి మనసు చెదరకుండా ఉండడం కూడా ఒక రక్షణే. మంట ఆరిన మరునాడు ఆ మనుష్యులు మళ్లీ ఒకచోట కూర్చోవాలి, ఒకరినొకరు నమ్మాలి. కొండగూడెంలో పగలంతా శ్రమించిన స్త్రీలు సాయంకాలం భుజాల మీద చేతులు వేసుకొని, డప్పు, తుడుము, కిరిడి, మోరి వాద్యాల లయకు థింసా ఆడడంలో ఉన్న అర్థం అదే. ఒకరి అడుగు తప్పితే వరుస అంతా తడబడుతుంది; అందువల్ల ప్రతివారూ పక్కవారి అడుగును గమనిస్తారు. పొద్దున డోలీ మోయవలసివచ్చినప్పుడు కూడా కావలసినది ఆ అడుగే.

ఇంటర్మీడియట్‌లో చేరిన విద్యార్థి చేతిలోనుండి వేణువును, డప్పును, హార్మోనియంను తీసి అటక మీద పెట్టే ఇళ్లు అనేకం. పరీక్షల భయం వల్ల ఆ నిర్ణయం తీసుకొనే తల్లిదండ్రులను తప్పుపట్టడానికి వీలు లేదు. కాని విశాఖపట్నంలో వైద్యం చదువుకొన్న ఒక యువకుడు సంగీతాన్ని విడిచిపెట్టి ఉంటే, తెలుగువారి సంగీత చరిత్రలో ఒక అధ్యాయం లేకుండా పోయేది. అతడు వైద్యాన్ని విడిచిపెట్టి ఉంటే, ఎందరో రోగులు ఒక మంచి వైద్యుని కోల్పోయేవారు. నాడి చూసిన వేళ్లే తాళం వేశాయి. ఏ కొండగూడెంలో, ఏ వ్యోమనౌకలో, ఏ క్షణాన ఏ విద్య అక్కరకు వస్తుందో ముందుగా చెప్పగలవారు లేరు. రెండు విద్యలు తెలిసిన మనిషి పక్కన ఉన్నప్పుడు మాత్రం, సహాయం ఎంత దూరంలో ఉన్నా, ఆ దూరం కొంత తగ్గుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

నిష్ణాతులు = మిక్కిలి నేర్పు గలవారు
డోలీ = బొంగుకు కట్టి మనుష్యులను మోసే ఊయల వంటి సాధనం
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది
భారరహిత స్థితి = బరువు తెలియని స్థితి
రేణువు = మిక్కిలి చిన్న కణం
బాణీ = పాడే లేదా వాయించే పద్ధతి
గమకం = స్వరాన్ని కదిలించి పలికించే తీరు
తరిమెన పట్టు = కొయ్యను తిప్పుతూ గుండ్రంగా చెక్కు
వెంట్రుకవాసి = వెంట్రుక మందమంత, అతి స్వల్పం
వైణికుడు = వీణ వాయించేవాడు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ‘వ్యోమనౌకలో సంగీతవిద్వాంసునికి చోటు ఉంటుందా?’ అన్న ప్రశ్నకు పాఠ్యాంశం ఇచ్చిన సమాధానాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. డాక్టర్ శ్రీపాద పినాకపాణి జీవితంలో వైద్యమూ సంగీతమూ ఒకదానికొకటి ఎలా తోడ్పడ్డాయో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. అపోలో–13 వ్యోమగాములు బొగ్గుపులుసు వాయువు ప్రమాదం నుండి ఎలా బయటపడ్డారు?
2. 2001లో హాడ్‌ఫీల్డ్‌కు ఎదురైన ఆపదను వివరించండి.
3. అంతరిక్ష కేంద్రంలో నిశ్శబ్దం ప్రమాదానికి గుర్తు ఎందుకు?
4. థింసా నృత్యాన్ని, డోలీ మోసే పనిని పాఠ్యాంశం ఏ విధంగా పోల్చింది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. స్టెతస్కోపును కనుగొన్నది ఎవరు?
2. పినాకపాణికి ‘సంగీత కళానిధి’ బిరుదు ఏ సంవత్సరంలో లభించింది?
3. మీర్ కేంద్రంలో మంట లేచినప్పుడు అక్కడ ఎందరు ఉన్నారు?
4. రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టిన వాహకనౌక ఏది?

IV. సంధులు
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
సంగీతాభ్యాసం = సంగీత + అభ్యాసం – సవర్ణదీర్ఘ సంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి

V. సమాసాలు
సంగీతవిద్వాంసుడు – సంగీతమునందు విద్వాంసుడు – సప్తమీ తత్పురుష సమాసం
రోగలక్షణాలు – రోగము యొక్క లక్షణాలు – షష్ఠీ తత్పురుష సమాసం
రెండు విద్యలు – రెండు సంఖ్య గల విద్యలు – ద్విగు సమాసం

VI. భాషాకార్యం
మీ గ్రామంలో లేదా పట్టణంలో ఒక వృత్తి చేస్తూనే పాటలోగాని, వాద్యంలోగాని, నాట్యంలోగాని ప్రావీణ్యం సంపాదించిన ఒక వ్యక్తిని కలిసి, ఆ రెండు విద్యలు పరస్పరం ఎలా ఉపకరిస్తున్నాయో తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.